లక్ష్మమ్మ చెయ్యి

1979 వేసవి సెలవుల్లో మా అవ్వ నన్నూ మా అక్కనూ వెంటబెట్టుకుని హంపికి బయల్దేరింది. గుంతకల్లులో ప్యాసింజరెక్కి హోస్పేటలో దిగాం. అవ్వకు హంపి అంటే విరూపాక్షుడే. రాయలు, రాజధాని, శిథిలాలు ఇవేవీ ఆమె లెక్కలో లేవు. పొద్దున్నే తుంగభద్రలో మునిగి, స్వామి దర్శనం చేసుకుని, గుడి మండపంలో చిత్రాన్నం మూట విప్పి మాకు పెట్టింది. రైలు సాయంత్రానికి. ఈలోగా ఏం చెయ్యాలో తోచక, ఎవరో చెబితే, హేమకూటం మీదుగా నడక మొదలుపెట్టాం.

దారిలో రెండు పెద్ద వినాయకులు. శనగగింజ వినాయకుడనీ ఆవగింజ వినాయకుడనీ వాటికి పేర్లు. ఆ పేర్లు విని మేం నవ్వుకున్నాం. పదిహేనడుగుల దేవుడు శనగగింజ ఎట్లా అవుతాడని అక్క అడిగింది. అవ్వ జవాబు చెప్పలేదు. ఎండకు కొంగు తలమీదికి లాక్కుని ముందు నడుస్తోంది. కృష్ణుడి గుడి దాటాక కుడివైపు మట్టిబాట, చెరుకుతోట, అరటితోట, ఆ తోటల మధ్య ఒక రాతి ప్రాకారం. గుమ్మంలో అడుగుపెట్టి నేను ఆగిపోయాను.

పైకప్పు లేదు. ఆకాశం కింద ఇరవై రెండు అడుగుల నరసింహుడు కూర్చుని ఉన్నాడు. ఏడు పడగల శేషుడు తల వెనక లేచి నిలిచాడు. గుడ్లు బయటికి పొడుచుకొచ్చాయి. నోరు విశాలంగా తెరుచుకుంది. భుజాల దగ్గరే చేతులు తెగిపోయాయి. మోకాళ్ళు విరిగిన చోట రాయి గరుకుగా, పచ్చిగాయంలా ఉంది. నాకు భయం వేసింది. అక్కడున్న ఎవరో చెప్పారు, "ఉగ్ర నరసింహ" అని.

అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. కదిరి నరసింహస్వామి మా ఇంటిదేవుడు. మా ఇంట్లో ప్రతి తరంలోనూ ఒక నరసింహులో నరసమ్మో ఉండాల్సిందే. కాబట్టి ఆమె చూస్తున్నది బొమ్మను కాదు, తెలిసినవాణ్ణి. చివరికి అంది: "ఉగ్రుడంటారేమిరా ఈయన్ను! పక్కన లక్ష్మమ్మ ల్యాదు గదా నాయనా. మీ తాత పోయినప్పుడు నా మొగం గూడా ఇట్లనే ఉన్న్యది."

అక్కడ కాపలా ఉన్న ముసలాయన కన్నడంలోకి తెలుగు కలిపి మాట్లాడేవాడు. ఆయనకు అవ్వ మాట తగిలినట్టుంది. రమ్మని సైగ చేసి మమ్మల్ని పక్కగా లోపలికి తీసుకెళ్ళి, వేలెత్తి పైకి చూపించాడు. స్వామి వీపు మీద ఒక చెయ్యి ఉంది. ఆడమనిషి చెయ్యి. ముంజేతి దాకా మాత్రమే. ఆ చెయ్యి ఎవరిదో ఆమె లేదు. ఎడమ తొడ మీద కూర్చుని స్వామిని వెనకనుంచి చుట్టి పట్టుకున్న ఆ చేతి వేళ్ళు మాత్రం వీపుకు ఆని అట్లాగే ఉన్నాయి. వేళ్ళకు ఉంగరాలు. గోళ్ళు కూడా తీర్చి చెక్కినవి. పట్టులో బలం లేదు, చనువు ఉంది.

అవ్వ చేతులు జోడించింది. నాకు అప్పటికే సగం తెలివి వచ్చింది కనక, విరిగిన విగ్రహానికి దండం పెట్టకూడదంటారు కదవ్వా అన్నాను. ఆమె నావైపు తిరగకుండానే చెప్పింది: "చెయ్యి విరగల్యాదు గదరా."

కొంగు ముడిలోంచి విరూపాక్షుడి గుడిలో ఇచ్చిన పసుపు పొట్లం తీసింది. తాను ముట్టుకోకుండా అక్క చేతికిచ్చి ఆ చేతి కింద రాతిమీద చిటికెడు పెట్టించింది. ఆ రోజుల్లో ముత్తైదువ కాని మనిషికి ఉన్న హద్దు అది. ఆ హద్దులోనే నిలబడి ఆమె చెయ్యాలనుకున్నది చేసింది.

అవ్వ పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ మధ్యాహ్నం ఆమె అన్న రెండు మాటల చుట్టూ నేను చాలా పుస్తకాలు చదివాను. చదివిన కొద్దీ ఆమె వైపే మొగ్గాను.

ఆ విగ్రహం దగ్గర దొరికిన శాసనం ప్రకారం అది లక్ష్మీనరసింహ విగ్రహం. 1528లో కృష్ణదేవరాయల కాలంలో, ఒకే గండశిలను ఉన్నచోటనే తొలిచి చెక్కారు. ప్రతిష్ఠ చేసినవాడు ఆర్య కృష్ణభట్టు. అంటే రాయలు కోరింది ఉగ్రుణ్ణి కాదు. అమ్మవారిని తొడ మీద కూర్చోబెట్టుకున్న శాంతమూర్తిని. అమ్మవారి రూపం పగిలిపోయాక మిగిలిన ముఖాన్ని చూసి జనం ఉగ్రుడన్నారు. విగ్రహానికి తగిలిన దెబ్బే ఆయన పేరు అయి కూర్చుంది. ఈ సంగతి నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. ఒక మనిషి ఇల్లాలిని పోగొట్టుకుని, దుఃఖంతో ముఖం గడ్డకట్టి కూర్చుంటే, ఆ వీధిలో పిల్లలు అతన్ని కోపిష్ఠి అని పిలవడం మొదలుపెట్టినట్టు.

తెలుగునాట నరసింహుణ్ణి ఎప్పుడూ ఒంటరిగా వదిలిపెట్టలేదు. ఆయన వేడిని చల్లార్చడానికి మనవాళ్ళు చెయ్యని ప్రయత్నం లేదు. సింహాచలంలో ఏడాది పొడుగునా చందనం పూసి ఉంచుతారు. వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడే నిజరూపం. మంగళగిరిలో బెల్లం పానకం నోట్లో పోస్తారు, సగం తాగి సగం భక్తుడికే వదులుతాడని నమ్ముతారు. అహోబిలంలో తొమ్మిదిమంది నరసింహుల్లో ఒకాయన పేరే మాలోలుడు. మా అంటే లక్ష్మి, ఆమె మీద మనసున్నవాడు. చందనమైనా పానకమైనా అమ్మవారైనా, అన్నిటి వెనకా ఒకే భావం. కోపం వచ్చిన పెద్దవాణ్ణి ఇంట్లోవాళ్ళు ఎట్లా బుజ్జగిస్తారో అట్లా. హంపిలో ఆ పని ఆ చేతిది.

రాయలకు ఈ నరసింహులందరూ తెలుసు. కళింగ దండయాత్ర రోజుల్లో ఆయన అహోబిలం వెళ్ళి ఆభరణాలు సమర్పించాడు. సింహాచలం వెళ్ళాడు. అక్కడి శాసనాలు ఇప్పటికీ ఆ మాట చెబుతున్నాయి. అప్పుడు ఆయన గెలుపు మీదున్న రాజు. 1528 నాటి రాయలు వేరు. 1524లో ఆరేళ్ళ కొడుకు తిరుమలరాయలికి పట్టం కట్టాడు. కొద్ది నెలల్లోనే ఆ పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడు. విషం పెట్టారన్న అనుమానంతో తండ్రిలాంటి మంత్రి తిమ్మరుసును చెరలో వేసి కళ్ళు తీయించాడని, కొన్నేళ్ళ తరవాత విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాసిపెట్టాడు. కొడుకు పోయాడు, అప్పాజీ అని పిలుచుకున్న మనిషీ దూరమయ్యాడు. ఆ తరవాత నాలుగేళ్ళకు ఈ విగ్రహం. మరుసటి ఏడు, 1529లో, రాయలే లేడు.

భాగవతంలో హిరణ్యకశిపుణ్ణి చీల్చిన తరవాత నరసింహుడి దగ్గరికి పోవడానికి దేవతలు జంకారు. లక్ష్మీదేవి కూడా వెనకాడింది. వెళ్ళింది ఒక పసివాడు. ఆ పసివాడి తల మీద చెయ్యి పెట్టాకే స్వామి చల్లబడ్డాడు. పిల్లవాణ్ణి కాపాడడానికి స్తంభం చీల్చుకుని వచ్చిన దేవుణ్ణి, తన పిల్లవాణ్ణి కాపాడుకోలేకపోయిన తండ్రి చివరి రోజుల్లో ఇంత పెద్దగా చెక్కించాడు. ఆయన మనసులో ఏముందో శాసనం చెప్పదు, శాసనాలు అలాంటివి చెప్పవు కూడా. కానీ ఆ విగ్రహం ముందు నిలబడ్డ ప్రతిసారీ నాకు ఆ ఆరేళ్ళ పిల్లవాడు గుర్తొస్తాడు.

చెక్కిన చేతుల గురించి కూడా ఆలోచిస్తాను. హంపిలో ఏ గుండు దగ్గరికి వెళ్ళినా ఒక గుర్తు కనిపిస్తుంది. రాతి మీద వరసగా, ముగ్గుకు పెట్టిన చుక్కల్లా, చిన్న చిన్న నలుచదరం గుంతలు. ఆ గుంతల్లో ఎండిన కట్టె మేకులు బిగించి నీళ్ళు పోస్తే కట్టె ఉబ్బి రాయి చీలిపోతుంది. అట్లా చీలిన రాళ్ళతోనే గోడలూ స్తంభాలూ లేపారు. కొన్ని గుండ్లకు గుంతలు పెట్టారు, చీల్చలేదు. చుక్కలు పెట్టాక ఎవరో పిలిస్తే లేచివెళ్ళిన ఇల్లాలి ముగ్గులా అవి ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి.

మా ఊరి పక్కన రాతిపని చేసే ఒక పెద్దాయన ఉండేవాడు. తిరగలి రాళ్ళు, రోళ్ళు చేసేవాడు. రాయికి వాలు ఉంటుందని చెప్పేవాడు. వాలు వెంట కొడితే వింటుంది, ఎదురు కొడితే నీ మాట వినదు, అడ్డంగా పోతుంది. ఉలి పెట్టేముందు ఆయన రాతిని సుత్తితో తట్టి చెవి ఆనించేవాడు. గంట మోగినట్టు మోగితే లోపల బీట లేదని. రోలు ఒకటి చెడిపోతే ఇంకో రాయి తెచ్చుకోవచ్చు. కొండలో నాటుకుని ఉన్న గుండును ఇరవై రెండు అడుగుల దేవుడిగా మలిచేటప్పుడు, స్వామి ముక్కు దగ్గర ఒక్క దెబ్బ తప్పితే ఏం చేస్తారు? పైగా పని పైనుంచి కిందికి. పడగలు ముందు, ముఖం తరవాత, అమ్మవారు ఆ తరవాత. ఆ చెయ్యి స్వామి వీపుకూ వెనక శేషుడి చుట్టకూ నడుమ ఉంది. ఎదుట నిలబడినవాళ్ళకు ఎవరికీ కనిపించదు. కనిపించదని తెలిసీ ఆ శిల్పి గోళ్ళు తీర్చాడు, ఉంగరాలు తొడిగాడు. ఎదుట కనిపించేవన్నీ సుత్తి దెబ్బలకు పోయాయి. ఎవరూ చూడరనుకున్న చోట ఓపిగ్గా చేసిన పని మిగిలింది.

ఈ విగ్రహానికి అతి దగ్గర్లో ఉన్నది కృష్ణుడి గుడి. దాని కథ మన నెల్లూరు సీమతో ముడిపడింది. ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకున్నాక, రాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తెచ్చి, 1515లో ఈ గుడిలో ప్రతిష్ఠ చేశాడు. గౌరవంగానే తెచ్చాడు, పెద్ద గుడే కట్టించాడు. అయినా యుద్ధంలో గెలిచిన ఊరినుంచి తెచ్చిన దేవుడే. ఆ బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నాడు. ఉదయగిరికీ లేడు, హంపికీ లేడు. గర్భగుడి ఖాళీగా ఉంది.

బాలకృష్ణుడు ఎత్తుకుపోవడానికి వీలైన దేవుడు. నరసింహుడు కొండకు పుట్టినవాడు, కదలడు. ఆయన్ని ఎవరైనా చెయ్యగలిగింది విరగ్గొట్టడమే.

1565 జనవరి 23న రాక్షస తంగడి యుద్ధం జరిగింది. అహ్మద్‌నగర్, బిజాపూర్, గోల్కొండ, బీదరు సుల్తానులు ఒకవైపు, విజయనగరం తరఫున అళియ రామరాయలు ఒకవైపు. రామరాయలు చనిపోయాడు, ఆయన తమ్ముడు తిరుమల ఖజానా ఏనుగుల మీద వేసుకుని పెనుకొండ దారి పట్టాడు. కాపలా లేని నగరాన్ని నెలల తరబడి దోచారు. నరసింహుడు విరిగింది ఆ రోజుల్లోనే అంటారు. చెక్కిన సంగతికి శాసనం ఉంది, విరిచిన సంగతికి శాసనం లేదు. గుడి కట్టినవాడు పేరు రాసుకుంటాడు. సుత్తి ఎత్తినవాడు రాసుకోడు.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. ఈ కథను పగ పెంచుకోవడానికి వాడుకునేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. వాళ్ళకు గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా సంగతి చెబుతాను. అతను కుర్రతనంలో సొంత అన్నకు భయపడి పారిపోయి వచ్చి, ఏడేళ్ళు విజయనగరంలో రామరాయల నీడన తలదాచుకున్నాడు. తెలుగు నేర్చాడు. గద్దె ఎక్కాక తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. మన కవులు ముద్దుగా మల్కిభరాముడన్నారు. 1565లో ఆ మల్కిభరాముడి సైన్యం, తనకు ఏడేళ్ళు అన్నం పెట్టిన ఊరి మీదికి వచ్చింది. ఇందులో మతం కన్నా ముందు రాజ్యం ఉంది, పాత అవమానాలున్నాయి, భయాలున్నాయి. అదే ఊళ్ళో విరూపాక్షుడి గుడి నిలబడింది, దీపం ఆరలేదు. ఇవన్నీ కలిపి చెప్పలేనివాడు హంపి కథ చెప్పకుండా ఉంటేనే మేలు. అట్లాగని జరిగిన నష్టాన్ని తక్కువ చేసి చెప్పడమూ తప్పే. లక్షలమంది బతికిన నగరం అడవైపోయింది. అది మామూలు నష్టం కాదు.

ఒక లెక్క వేసి చూశాను. 1528 నుంచి 1565 దాకా 37 ఏళ్ళు. ఆ లక్ష్మీనరసింహుడు అమ్మవారితో కలిసి నిండుగా ఉన్నది అంతే. విరిగి ఉన్నది నాలుగు వందల అరవై ఏళ్ళు. మా ఇంట్లో మా తాతతో అవ్వ కాపురం ఇరవై రెండేళ్ళు, తాత లేకుండా బతికింది నలభై ఒకటి. చాలామంది ఇళ్ళల్లో లెక్కలు ఇట్లాగే ఉంటాయి. అయినా అవ్వను మేము తాత భార్యగానే తలుచుకుంటాం.

విగ్రహం పక్కనే, నాలుగు అడుగుల్లో, బడవిలింగం ఉంది. తొమ్మిది పదడుగుల ఏకశిలా లింగం. ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుంది. కాలవ నీళ్ళు లోపలికి వచ్చి పోతుంటాయి. బడవ అంటే కన్నడంలో పేద. ఒక పేదరాలు చెక్కించిందని ఊళ్ళో చెప్పుకుంటారు. దానికి పెద్ద దెబ్బలేమీ తగల్లేదు కనక పూజ జరుగుతుంది. చాలా ఏళ్ళపాటు ఒక వృద్ధ అర్చకుడు రోజూ వచ్చి, వంగిపోయిన నడుముతో మోకాలిలోతు నీళ్ళలో దిగి, పానవట్టం మీదికి పాకి ఎక్కి, లింగాన్ని తుడిచి విభూతి పెట్టేవాడు. నా రెండో ప్రయాణంలో ఆయన్ని చూశాను. పైదాకా చెయ్యి అందక, తడిగుడ్డ విసిరి తుడుస్తున్నాడు. ఇప్పుడాయన లేరు. ఒక గోడకు ఇటు అభిషేకం, అటు ఎండ. పక్కపక్క ఇళ్ళల్లో ఒకదాంట్లో పెళ్ళి, ఒకదాంట్లో మైల ఉన్నట్టు అనిపించింది.

భిన్నమైన విగ్రహానికి పూజ లేదన్నది మన ఆగమాల మాట. దాన్ని తప్పుపట్టను. ఇంట్లో దేవుడి పటం అద్దం పగిలితే మా అమ్మ రావిచెట్టు కింద పెట్టి వచ్చేది. పారెయ్యడం కాదది. ఇంట్లోంచి సాగనంపడం. ప్రతి ఊళ్ళోనూ ఆ చెట్టు మొదట్లో పగిలిన పటాలు, చెవి విరిగిన వినాయకులు, రంగుపోయిన లక్ష్ములు ఒకరికొకరు ఆనుకుని కూర్చుని ఉంటారు. వానకు తడుస్తారు, చెట్టు ఆకు రాలుస్తుంది. పూజ ఉండదు, కానీ కాలు తగిలితే కళ్ళకద్దుకోని మనిషి ఉండడు. పూజకూ మర్యాదకూ మనవాళ్ళు పెట్టుకున్న తేడా అది. హంపి నరసింహుడు కూడా ఒక పెద్ద రావిచెట్టు కింద ఉన్నాడనుకుంటాను. ఆ చెట్టు పేరు ఆకాశం.

మరి విరిగినదాన్ని బాగుచెయ్యకూడదా? ఇది చాలామంది అడిగే ప్రశ్న. రాయి ఉంది, శిల్పులున్నారు, డబ్బు కూడా దొరుకుతుంది. అమ్మవారిని కొత్తగా చెక్కి ఆ తొడ మీద కూర్చోబెడితే మళ్ళీ లక్ష్మీనరసింహుడు అవుతాడు కదా, పూజలూ మొదలవుతాయి కదా అంటారు. వాళ్ళ భక్తిని నేను శంకించను. ఇప్పుడు వెళ్ళినవాళ్ళకు స్వామి మోకాళ్ళను చుట్టి ఒక రాతి పట్టీ కనిపిస్తుంది. యోగపట్టం. 1979లో మేం చూసినప్పుడు అది లేదు. 1980ల్లో పురావస్తు శాఖ మోకాళ్ళకు మరమ్మతు చేసి దాన్ని అమర్చింది. విరిగిన కాళ్ళకు ఊతం ఇవ్వాల్సిన అవసరం ఉంది, అది చేశారు. అంతవరకు సరే. కానీ ఆ పట్టీ కేసి కాసేపు చూస్తే ఒకటి తెలుస్తుంది. దాని రంగు వేరు, అంచుల తీరు వేరు. నాలుగు వందల ఏళ్ళ ఎండ తిన్న రాయి పక్కన ఆ రాయి ఇంకా చుట్టంలాగే ఉంది, ఇంటిమనిషి కాలేదు.

పడిపోయేదాన్ని నిలబెట్టడం వేరు, లేనిదాన్ని ఉన్నట్టు చేయడం వేరు. మొదటిది వైద్యం. రెండోదానికి నేను ఒప్పుకోను. కొత్త లక్ష్మి ముఖం ఎవరి ఊహతో చెక్కుతారు? 1528 నాటి శిల్పి ఆమెను ఎట్లా నవ్వించాడో మనకు చూపించగల మనిషి లేడు. ఇప్పటి క్యాలెండరు లక్ష్మి ముఖం తెచ్చి అక్కడ పెడితే, వీపు మీదున్న ఆ పాత చెయ్యి ఎవరిదవుతుంది? ఒక కొత్త మనిషికి, పోయిన మనిషి చేతిని అతికించినట్టు అవుతుంది. నాకు ఆ ఊహే బాధగా ఉంటుంది. ఆ చెయ్యి తన మనిషి కోసం ఖాళీ ఉంచిన చోటును ఖాళీగానే ఉండనివ్వాలి.

కూలిపోవడానికి యుద్ధమే రానక్కర్లేదు. యాభై రూపాయల నోటు వెనక ముద్రించిన విఠలాలయం రాతి రథాన్ని అందరూ చూసే ఉంటారు. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి హంపిలో మైనపు కాగితం నెగటివ్‌లతో ఫొటోలు తీశాడు. వాటిలో ఆ రథం మీద ఇటుకలతో కట్టిన గోపురం ఉంది. ఇవాళ లేదు. ఆ మధ్యకాలంలో హంపి మీదికి ఏ సైన్యమూ రాలేదు. సరిగ్గా చూసుకునేవాళ్ళు లేకపోతే వానా, చెట్ల వేళ్ళూ, ఇటుకలు ఎత్తుకుపోయే చేతులూ చాలు.

2019లో అయితే అవి కూడా అక్కర్లేకపోయాయి. గజశాల వెనక ఒక విష్ణాలయం దగ్గర కుర్రాళ్ళు స్తంభాన్ని తోసి పడేస్తూ వీడియో తీసుకున్నారు. అది ఫోన్లలో దేశమంతా తిరిగింది. నలుగుర్ని పట్టుకున్నారు. కోర్టు ఒక్కొక్కరికి 70 వేల రూపాయల జరిమానా వేసి, ఆ స్తంభాన్ని వాళ్ళ చేతే తిరిగి నిలబెట్టించింది. ఇంత మంచి తీర్పు ఈ మధ్యకాలంలో నేను వినలేదు. పడగొట్టడానికి ఒక తోపు సరిపోయింది. నిలబెట్టడానికి ఎంత బలం పట్టిందో వాళ్ళ భుజాలకు తెలిసి ఉంటుంది. 1565లో సుత్తి ఎత్తినవాడికి ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

1986లో యునెస్కో హంపిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1999లో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలోకి దించింది, 2006లో తీసేసింది. జాబితాల గొడవ నాకు పెద్దగా పట్టదు. అయితే ఆ శ్రద్ధ వల్ల అక్కడ ఒక పద్ధతి వచ్చింది, అది మంచిదే.

పోయినేడు మా మనవరాలిని తీసుకుని మళ్ళీ వెళ్ళాను. నరసింహుడి గుమ్మానికి ఇప్పుడు ఇనుప కటకటాలు. లోపలికి పోనివ్వరు. పోనివ్వకపోవడమే న్యాయం. రోజుకు వేలమంది తాకితే రాయి కూడా అరుగుతుంది. కటకటాల ముందు జనం సెల్ఫీలు దిగుతున్నారు. ఒక గైడు "ఉగ్ర నరసింహ, వెరీ యాంగ్రీ గాడ్" అని చెబుతుంటే ఒక చిన్నపిల్ల తల్లి చీరలో ముఖం దాచుకుంది. 1979లో నేను అట్లాగే అవ్వ వెనక్కి నక్కాను.

మనవరాలు భయపడలేదు. కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, "తాతా, ఆయన ఎవరినో వెతుక్కుంటున్నట్టు లేదూ?" అంది. నా గొంతు పూడుకుపోయింది. మా అవ్వను దానికి ఫొటోలో చూపించడమే, ఆ కథ ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు చెప్పాను. అక్కడే, ఎండలో, కటకటాలు పట్టుకుని, ఇరవై రెండేళ్ళ కాపురం దగ్గర్నుంచి పసుపు పొట్లం దాకా. ఎదుటినుంచి ఆ చెయ్యి కనిపించదు కనక, ఒక పుస్తకంలోంచి తీసిపెట్టుకున్న ఫొటో ఫోన్లో చూపించాను. అది ఆ ఉంగరాలను వేళ్ళతో పెద్దవి చేసి చూసుకుంది.

మీరు హంపి వెళితే ఆ గుమ్మం దగ్గర ఆగండి. వెంట పిల్లలుంటే ఆయన కోపిష్ఠి అని చెప్పకండి. లక్ష్మీనరసింహుడని అసలు పేరుతో పిలవండి. అమ్మవారి చెయ్యి వెనకాల ఇంకా ఉందని చెప్పండి.